కాకెంగిలి

కాకెంగిలి (కాకి ఎంగిలి): తినేదాన్ని చొక్కా అంచులోనో పావడా కొసలోనో చుట్టి, బట్ట మీదుగా పంటితో కొరికి ముక్కలు చేసి పంచుకునే తెలుగు పిల్లల పద్ధతి. నోరు నేరుగా తగలలేదు కాబట్టి ఆ ముక్క ఎంగిలి కాదని పిల్లల లెక్క. పిప్పరమెంటు బిళ్ళ, వేరుసెనగ ఉండ, పచ్చి మామిడికాయ, దోర జామకాయ వంటి, చేత్తో తుంచితే విరగనివాటికే దీని అవసరం ఎక్కువ. పెద్దలు కూర్చోబెట్టి నేర్పే పని కాదిది. పెద్ద పిల్లలను చూసి చిన్నపిల్లలు పట్టుకుంటారు. పేరులోకి కాకి ఎలా వచ్చిందన్నదానికి రెండు దారులు కనిపిస్తాయి. కాకి తిండి దొరికితే తోటి కాకులను కేకేసి పిలుస్తుందన్న నమ్మకం తెలుగునాట బలమైనది కనుక పంచుకునే పక్షి పేరు పెట్టారనుకోవచ్చు. పక్షి నోరు పెట్టినదాన్ని మనిషి ఎంగిలితో సమానంగా చూడకపోవడం రెండో దారి. చిలక కొట్టిన జామపండును ఎవరూ ఎంగిలని పారేయరు, తీపి ఎక్కువని ఏరుకుంటారు. మాటలో ఉన్నది పంపకం కాదు, ఎంగిలి. కాబట్టి రెండోదే దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది.

పిల్లల స్నేహం గురించి రాసేవారు సాధారణంగా పంచుకోవడాన్ని పెద్దలు అలవరచే మంచి గుణంగా వివరిస్తారు. కాకెంగిలి చెప్పే సంగతి వేరు. పెద్దల ప్రపంచంలో ఎంగిలి కఠినమైన నిషేధం. ఒకరు కొరికింది మరొకరు తినకూడదు. ఉన్న బిళ్ళ ఒక్కటి, తినాల్సినవారు ఇద్దరు. నిషేధాన్ని పాటిస్తే పంపకం కుదరదు, పంచుకుంటే నిషేధం పోతుంది. ఈ రెంటి మధ్య ఒక గుడ్డ ముక్కతో పిల్లలు దారి చేసుకున్నారు. ఇవ్వాలన్న మనసు ఒక్కటే చాలదని, ఇచ్చే విధానం కూడా కావాలని, ఆ విధానాన్ని ఇద్దరూ ఒప్పుకోవాలని ఇందులో కనిపిస్తుంది. పంచుకోవడం పిల్లలు ఉపదేశంతో కన్నా తోటివారి మధ్య నియమాలున్న నేర్పుగా ఎక్కువ నేర్చుకుంటారన్నది ఈ వ్యాసం వాదం.

పిల్లలు తిండి పంచుకునే దృశ్యాల్లో తెలుగు సాహిత్యానికి బాగా తెలిసినది పోతన భాగవతం దశమ స్కంధంలోని చల్దుల ఘట్టం. పోతన 15వ శతాబ్దివాడు. స్వస్థలం ఓరుగల్లు ప్రాంతపు బమ్మెరా, కడప సీమ ఒంటిమిట్టా అన్న వివాదం పాతదే. బమ్మెరను ఒప్పుకునేవారే ఎక్కువ. సంస్కృత మూలంలో గోపబాలురు ఒకరి చిక్కం ఒకరు దొంగిలించి, దూరంగా విసిరి, చివరకు నవ్వుతూ తిరిగి ఇచ్చేస్తారు. భోజనానికి కూర్చున్నాక తమ తమ వంటల రుచి ఒకరికొకరు చూపుకుంటారు. పోతన ఈ కొద్దిపాటి సూచనను పెంచి తెలుగు పిల్లల బంతి చేశాడు. ఒకడు వేలు మడిచి ఊరిస్తూ ఊరగాయ తింటాడు. ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగి, ఏమీ లేదు చూడమని నోరు తెరుస్తాడు. ఒకడు కృష్ణుణ్ణి చూడమని పక్కవాడి చూపు మళ్ళించి వాడి ముందున్న పిండివంటలు తినేస్తాడు. వీళ్ళ మధ్యే ఇంకొకడు, ఇన్ని ఉన్నప్పుడు పంచిపెట్టడమే నెచ్చెలితనమని అంటాడు. ఆ మాట గురువు నోట రాలేదు, తల్లి నోట రాలేదు. తింటున్న పిల్లవాడి నోట వచ్చింది, అదీ ఆటలో భాగంగా. లాక్కోవడం, ఊరించడం, పంచమనడం ఒకే బంతిలో పక్కపక్కన ఉంటాయి. ఈ ఘట్టాన్ని భక్తి వైపు నుంచి చదివే వ్యాఖ్యలకు లోటు లేదు, అవి న్యాయమైనవే. పిల్లల నడతకు సాక్ష్యంగా కూడా దీనికి అంతే విలువ ఇవ్వాలి. పిల్లలను గమనించనివారు ఆ పద్యం రాయలేరు.

అదే స్కంధంలో రుక్మిణి బాల్యాన్ని చెప్పేటప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళతోపాటు గుజ్జెనగూళ్ళు కూడా వస్తాయి. పిల్లలు ఆటగా వండుకునే వంట అది. రుక్మిణి దాన్ని చెలికత్తెలకు పెట్టిస్తుంది. చిన్న గిన్నెల్లో వండి, ఆకుల్లో వడ్డించి, వరసగా కూర్చుని తినే ఈ ఆట ఊళ్ళలో మొన్నమొన్నటి వరకూ సాగింది. వండింది ఇసుకైనా అటుకులైనా, అందరికీ సమానంగా వడ్డించకపోతే గొడవ వస్తుంది. ఆ గొడవకు శిక్ష కూడా పిల్లలే పెట్టుకున్నారు: స్నేహానికి జట్టు, తెగతెంపులకు పచ్చి, మరికొన్నిచోట్ల కటీఫ్. ప్రకటించడానికి వేళ్ళతో గుర్తులుంటాయి, అవి ఊరూరికీ మారతాయి. పచ్చి కొట్టినవారు పూట గడిచేసరికి మళ్ళీ జట్టు కట్టవచ్చు. పెద్దల పగలకు లేని సౌకర్యం ఇది: స్నేహం తెగిందని పైకి చెప్పే పద్ధతి ఉంది కనుక కలిసిందని చెప్పే పద్ధతీ ఉంది. ఆటలో ఎవరు దొంగ అన్నది పంటలు వేసి తేలుస్తారు, బలవంతుడి మాట మీద కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆటలో అరటిపండు. ఆడే వయసు రాని తమ్ముణ్ణో చెల్లెల్నో వదిలిపెట్టకుండా ఆటలోకి తీసుకుంటారు, కానీ వాళ్ళు అవుటైనా లెక్క లేదు. ఈ మాట పెద్దల నోట లెక్కలోకి రాని మనిషికి ఎత్తిపొడుపుగా మారిపోయింది. పిల్లల వాడుకలో అది మినహాయింపు. బలహీనుణ్ణి బయటికి నెట్టకుండా ఆటను కాపాడుకునే ఉపాయం.

ఈ ఆచారాల వెనక ఉన్న వయసును ప్రయోగాలు కొంతవరకు చెబుతాయి. ఎర్న్‌స్ట్ ఫేర్ బృందం 2008లో స్విట్జర్లాండు పిల్లలపై ప్రచురించిన అధ్యయనంలో 3, 4 ఏళ్ళవారిలో ఎక్కువమంది తమ లాభమే చూసుకున్నారు. 7, 8 ఏళ్ళవారిలో ఎక్కువమంది సమాన పంపకాన్ని ఎంచుకున్నారు. 2013లో స్మిత్, బ్లేక్, హారిస్ చూపినది ఇంకా ఆసక్తికరం. సమానంగా పంచాలని 3 ఏళ్ళ పిల్లలు కూడా చెప్పగలరు; చెప్పినట్టు చేయడం 7, 8 ఏళ్ళకు గాని రాదు. అంటే లోపించింది నీతి తెలియడం కాదు. తెలిసిన పిల్లలకే మళ్ళీ మళ్ళీ చెప్పడం వల్ల ఆ మధ్యలోని ఏళ్ళు తగ్గుతాయనడానికి బలం చాలదు. మరోవైపు, 2011లో హామన్ బృందం 3 ఏళ్ళ పిల్లల జతలతో తాళ్ళు లాగించి చూసింది. ఇద్దరూ కలిసి పనిచేసి సంపాదించినప్పుడు వాళ్ళు చాలావరకు సమానంగా పంచుకున్నారు. ఊరకే దొరికినప్పుడు అంతగా పంచుకోలేదు. కలిసి చేసిన పనికి ఇంత బలం ఉంటే, గుజ్జెనగూళ్ళ వంటిది ఉత్త కాలక్షేపం అనడం కుదరదు.

ఈ వాదానికి అభ్యంతరాలున్నాయి. మొదటిది ప్రయోగాల నుంచే వస్తుంది. బ్లేక్, మెకాలిఫ్ తదితరులు 2015లో ప్రచురించిన ఏడు దేశాల పరిశీలనలో భారతదేశం కూడా ఉంది. తనకు తక్కువ వస్తే నిరాకరించడం అన్ని దేశాల పిల్లల్లోనూ కనిపించింది. తనకు ఎక్కువ వచ్చినా నిరాకరించడం అమెరికా, కెనడా, ఉగాండాల్లో మాత్రమే, అదీ పెద్ద పిల్లల్లో, కనిపించింది. భారతీయ పిల్లలకు సమానత్వం పట్టదనడానికి దీన్ని వాడుకోవచ్చు. అయితే ఆ ఆటలో నిరాకరిస్తే మిఠాయి ఇద్దరికీ పోతుంది. ఒకరికి నాలుగు, మరొకరికి ఒకటి వచ్చినప్పుడు తీసుకోవడమో పారేయడమో తప్ప మూడో దారి లేదు. కాకెంగిలి పుట్టింది ఆ మూడో దారి కోసమే. పారేసి సమానం చేయడానికి ఇష్టపడని పిల్ల, కొరికి సమానం చేయడానికి ఇష్టపడవచ్చు. ఆ ప్రయోగం కొలిచింది రెండోదాన్ని కాదు. రెండో అభ్యంతరం బరువైనది. ఎంగిలి భావన అంటు, మైల, కులాల లెక్కలతో పెనవేసుకున్నది. గుడ్డ అడ్డం పెట్టడం ఆ లెక్కను ఎదిరించడం కాదు, ఒప్పుకోవడమే కదా అనవచ్చు. ఇది నిజమే. ఎవరితో తినవచ్చో ఇంట్లో ముందే తేల్చి పంపిన చోట కాకెంగిలి ఆ గీత దాటించిందని చెప్పడానికి ఆధారం లేదు. ఇక్కడి వాదం అంత దూరం పోదు. గీతకు లోపల ఉన్నంతలో, పిల్లలు నియమాన్ని పట్టుకుని వేలాడకుండా దాన్ని పంపకానికి వంచగలిగారన్నంతవరకే. ఆరోగ్యం దృష్ట్యా వచ్చే మూడో అభ్యంతరానికి జవాబు లేదు. చొక్కా అంచు శుభ్రతకు హామీ కాదు, కోవిడ్ తరవాత చాలా బడులు డబ్బాలు పంచుకోవద్దన్నది ఊరికే కాదు.

పెద్దలు రాసిన స్నేహపాఠాలు వేరే పని చేశాయి. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రలాభంతో మొదలై తరాల తరబడి పాఠ్యగ్రంథంగా నిలిచింది. వలలో చిక్కిన పావురాల రాజు చిత్రగ్రీవుడు తన తాళ్ళకన్నా ముందు తనవారి తాళ్ళు కొరకమని ఎలుకను అడిగే కథ అందులోదే. ఆపదలో నిలబడే స్నేహం అది. గొప్పదే, కానీ ఒక బిళ్ళను ఇద్దరు ఎలా తినాలో అది చెప్పదు. ఇప్పుడు బిళ్ళలు దేనికది కాగితంలో చుట్టి వస్తున్నాయి. తరగతిలో పుట్టినరోజుకు తలకొకటి చొప్పున పంచుతారు, దగ్గరి స్నేహితులకు రెండు. సమానత్వాన్ని తయారీదారే కొలిచి ఇచ్చాక పిల్లలకు కొరకాల్సిన పని తగ్గింది. దగ్గరివాళ్ళకు రెండోది ఇవ్వాలా వద్దా, అది మిగతావాళ్ళ ముందు ఇవ్వాలా అన్న తకరారు మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంది, మధ్యాహ్నం డబ్బాల దగ్గర పచ్చి, జట్టు మాటలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.