ఇల్లు ఇరకటం అయితే తప్పెవరిది?

భద్రాచలంలో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఒకటే. "ఎంతమంది ఉంటారమ్మా?"

ఐదుగురం అని చెప్పేదాన్ని. నేను, మా ఆయన, అత్తయ్య, పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. అది విని కొందరు లోపలికి రమ్మనకుండానే "మా బోరులో నీళ్లు చాలవండీ" అనేవారు. ఒకావిడైతే "పెద్దావిడ ఎప్పుడూ ఇక్కడే ఉంటారా, వచ్చిపోతుంటారా?" అని అడిగారు. "వచ్చిపోతుంటారు" అన్న అబద్ధం నోటిదాకా వచ్చింది. అత్తయ్య నా పక్కనే నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక ఇంట్లో ఇంతమందే ఉండాలని అసలు ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే ఎవరు రాశారు, ఎందుకు రాశారు? అలా మొదలైన వెతుకులాట ఇది.

మన వైపు "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని సామెత ఉంది. చిన్నప్పుడు విని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు వింటే ఒళ్లు మండుతుంది. ఇల్లు ఇరుకైతే అందులో పొద్దస్తమానం మసలే ఆడదానికి చిరాకు రాదా? ఆ ఇరుకులో ఎవరి చాప ఎక్కడ పరవాలో, ఎవరు ఎటు తిరిగి బట్టలు మార్చుకోవాలో రోజూ లెక్క చూసేది ఆమే కదా.

ఈ లెక్కను చట్టంగా రాసినవాళ్లలో ఇంగ్లండువాళ్లు ముఖ్యులు. 1935లో వాళ్ల గృహ చట్టం ఇంట్లో పరిమితికి మించి జనం ఉండటాన్ని నేరం చేసింది. ఫ్యాక్టరీ ఊళ్లలో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం మగ్గిపోతుంటే క్షయ లాంటి రోగాలు ఊరంతా పాకేవి. అందుకని ఒక గదికి ఇద్దరు, రెండు గదులకు ముగ్గురు, మూడు గదులకు ఐదుగురు అని పెట్టారు. పదేళ్లలోపు పిల్లలు అర మనిషి. ఏడాది నిండని పసివాళ్లు లెక్కలోకే రారు. ఇంకో షరతు కూడా ఉంది. పదేళ్లు దాటిన ఆడ, మగ భార్యాభర్తలు కాకపోతే ఒకే గదిలో పడుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. మన మెడిసిన్ విద్యార్థులు చదివే పార్కు పుస్తకంలోనూ దాదాపు ఇదే లెక్క ఉంది. 110 చదరపు అడుగులు, ఆపైన ఉన్న గదికి ఇద్దరు, 70 నుంచి 90 ఉంటే ఒక్కరు.

మరి మన దగ్గర? అద్దె ఇంట్లో గదికి ఇంతమందే ఉండాలని చెప్పే చట్టం మనకు లేదు. జాతీయ భవన నియమావళి గది ఎంత ఉండాలో చెబుతుంది. కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు. రెండు గదులుంటే రెండోది 7.5 మీటర్లున్నా చాలు. అందులో ఎంతమంది పడుకుంటారో అడగదు. 2011 జనగణనకు ఇంటికొచ్చినవాళ్లు గదులెన్ని, ఇంట్లో పెళ్లయిన జంటలెన్ని అని రాసుకున్నారు. దేశంలో 37 శాతం కుటుంబాలు ఒక్క గదిలోనే ఉంటున్నాయని తేలింది. జంటల్ని లెక్కపెట్టారు కానీ, ఆ గదిలో ఎదుగుతున్న ఆడపిల్ల పడక ఎక్కడో ఆ కాగితంలో ఏ గడీలోనూ లేదు.

ప్రభుత్వం కట్టించిన ఇళ్ల కథ చూసినా అంతే. పేదలకు పక్కా ఇల్లంటే చాలా ఏళ్లు ఒక గది, ఒక వంట మూల. మన రాష్ట్రంలో 2015లో వచ్చిన పథకం పేరులోనే "డబుల్ బెడ్‌రూం" అని పెట్టారు. 560 చదరపు అడుగుల్లో రెండు పడక గదులు, హాలు, వంటగది. అల్లుడొస్తే ఎక్కడ పడుకోవాలి అన్న మాట ఆ రోజుల్లో సభల్లో వినిపించేది. నాకైతే అల్లుడికన్నా ముందు కూతురు గుర్తొచ్చింది. తర్వాత 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ఇక్కడే, భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్నవాళ్లకు 5 లక్షలు విడతలుగా ఇస్తారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, ఆడవాళ్ల పేరు మీదే మంజూరు. 

మరి సొంతంగా కొనుక్కోవచ్చు కదా అంటారా? ఖమ్మం టౌన్‌లో అయితే డబ్బుంటే అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కోవచ్చు. గోదావరి దాటి భద్రాచలం వస్తే ఇది ఏజెన్సీ. 1970లో వచ్చిన చట్టం, అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది, ఇక్కడి స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా సరే, కొనేవాళ్లు గిరిజనులే అయ్యుండాలి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఇది అన్యాయమని సణిగేవాళ్లని చాలామందిని చూశాను. నేనూ ఒకప్పుడు సణిగాను. కానీ ఆ అడ్డే లేకపోతే ఈ అడవి అంచున కోయవాళ్లకు కాలు పెట్టుకునే జాగా మిగిలేదా? మనకు దొరకని ఫ్లాటు గురించి బాధపడేముందు అది ఎవరి నేల మీద లేవాల్సి ఉందో కూడా తలచుకోవాలి. కాబట్టి ఎవరైనా "నోటరీ మీద రాసిస్తాం, పర్లేదు" అంటే నమ్మి పుస్తెలతాడు తాకట్టు పెట్టకండి.

అలా మాలాంటి వాళ్లకు మిగిలేది అద్దె ఇల్లే. అది కూడా తక్కువే. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం అటు వెళ్లిపోయాయి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క రాష్ట్ర సరిహద్దు. ఊరు పెరగడానికి చోటే లేదు. సరిహద్దు దాటి ఇల్లు తీసుకుంటే రేషన్ కార్డు, బడి, ఓటు అన్నీ వేరే రాష్ట్రం.

ఇక్కడ ఇల్లు చవకగా దొరికితే ఎందుకు చవకో తప్పకుండా అడగండి. గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. మాకు చూపించిన ఒక పోర్షన్‌లో రంగు కొత్తగా మెరుస్తోంది. అత్తయ్య గోడ కింది భాగం మీద చెయ్యి పెట్టి చూశారు. తేమ. "ఇక్కడికి నీళ్లొచ్చాయే" అన్నారు. ఇంటాయన మాట్లాడలేదు.

మా చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుంది. దానికి ఇదంతా చెబితే అక్కడి గొడవ చెప్పింది. అపార్ట్‌మెంటు తీసుకునేటప్పుడు ఎవరెవరు ఉంటారో పేర్లు, వయసులు ముందే రాయించుకుంటారట. పడక గదికి ఇద్దరు అన్నది అమెరికాలో సాధారణంగా సమంజసమనుకునే లెక్క. 1991లో అక్కడి గృహశాఖ రాసిన ఒక మెమోతో అది స్థిరపడింది. అయితే గదుల సైజు, పిల్లల వయసు కూడా చూడాలని ఆ మెమోలోనే ఉంది. ఎందుకంటే 1988లో వచ్చిన చట్టం ప్రకారం పిల్లలున్నారన్న కారణంతో ఇల్లివ్వననడం అక్కడ సాధారణంగా చట్టవిరుద్ధం. మంది ఎక్కువన్న సాకుతో పిల్లలున్నవాళ్లని తిప్పి పంపకూడదని ఆ జాగ్రత్త. టెక్సాస్ చట్టంలో అయితే గదికి ముగ్గురు పెద్దవాళ్ల దాకా ఉండొచ్చు.

ఇదంతా చదివాక నాకొకటి అర్థమైంది. ఈ లెక్క మంచిదే. కానీ అది లోపల ఉన్నవాళ్ల ఊపిరి కోసం పుట్టింది, గుమ్మంలో నిలబడ్డవాళ్లని వెనక్కి పంపడానికి కాదు.

మర్నాడు నుంచి టేపు పట్టుకుని వెళ్లాను. "ఎన్ని గదులు" అని అడగడం మానేశాను. ఒక పైఅంతస్తు ఇల్లు చూశాం. ఒక గది పదకొండు పది, ఇంకోటి పది తొమ్మిది, హాలు పన్నెండు పది. పార్కు పుస్తకం ప్రకారం బాబు అర, మేం మొత్తం నాలుగున్నర మందిమి. సరిపోతాం. పాపకి, అత్తయ్యకి ఒక గది. బాబు ఇప్పటికి మా దగ్గర, పదేళ్లొచ్చాక హాల్లో. గుడికి దూరం, మెట్లెక్కాలి, అందుకే అద్దె మాకు అందింది.

ఇంటావిడ అడిగారు. "ఎంతమంది ఉంటారు?"

"ఐదుగురం. అత్తయ్య ఎప్పుడూ మాతోనే ఉంటారు" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "మెట్లకి రెయిలింగ్ పెట్టిస్తాలే" అన్నారు.