నోబుల్ కాలేజీ: ఏ ఏడు ఏది వార్త?

ఏ కాలేజీలోనైనా వార్షికోత్సవం రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ లేచి నివేదిక చదువుతారు. ఎంతమంది పాసయ్యారు, ర్యాంకు ఎవరికొచ్చింది, ఆటల్లో ఏ కప్పు గెలిచాం, ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఏ ఊళ్లో శిబిరం పెట్టారు, ఎవరు రిటైరయ్యారు. ఆ నివేదికలంటే నాకు గౌరవం. ఏడాదంతా పడ్డ కష్టంలో ఏది చెప్పుకోదగ్గదని ఆ కాలేజీ అనుకుంటోందో వాటివల్ల తెలుస్తుంది. క్రైస్తవ కళాశాలలకైతే నివేదిక వినేవాళ్లు ఇద్దరు: డబ్బు పంపే మిషన్ ఒకరు, పిల్లల్ని పంపే ఊరు ఒకరు. ఇద్దరికీ కావలసిన వార్త ఒకటి కాదు. బందరు నోబుల్ కాలేజీ చరిత్రను ఈ కోణంలో, కొన్ని ముఖ్యమైన ఏళ్లు ఎంచుకుని చూడాలని చాలాకాలంగా ఉంది.

1841లో ఇంగ్లండు నుంచి ఇద్దరు యువ మిషనరీలు బందరులో దిగారు. ఒకరు హెన్రీ ఫాక్స్, ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. రెండోవారు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, కేంబ్రిడ్జి విద్యార్థి. చర్చి మిషనరీ సొసైటీ తెలుగు నేల మీద పని మొదలుపెట్టింది వీళ్లతోనే. అప్పటికి కృష్ణా జిల్లా అనే పేరే లేదు, అది 1859లో వచ్చింది. బందరు వైభవం కూడా తగ్గుముఖం పట్టింది. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కలంకారీ బట్టల కోసం పోటీపడ్డ రేవులో ఇప్పుడు కచేరీలు, కోర్టులే దిక్కు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధ చేశాడు. ఒంట్లో బాగాలేక స్వదేశం వెళ్లి 1848లోనే పోయాడు. నోబుల్ ఊరు కదలలేదు. రెండేళ్లు కూర్చుని తెలుగు నేర్చుకుని 1843 నవంబరులో బడి తెరిచాడు. మొదటిరోజు వచ్చింది ఇద్దరే పిల్లలు. ఆ ఏటి నివేదిక అంటూ ఒకటి ఉంటే, అందులో పట్టే వార్త ఆ ఇద్దరే.

నోబుల్ ఆలోచన సూటిగా ఉంది. పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే, ఆ చదువు వెంట బైబిలు పోతుంది, వాళ్ల ద్వారా మిగతా సమాజానికి చేరుతుంది. ఊరి లెక్క వేరు. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం, కోర్టులో వకీలు గౌను. బైబిలు పాఠం ఒక గంట భరిస్తే సరిపోతుందని తల్లిదండ్రులు సర్దుకున్నారు. ఈ రాజీకి ఒక మూల్యం ఉంది. మాల, మాదిగ పిల్లలకు ఆ బడిలో చోటు లేకపోయింది. వాళ్లను చేర్చుకుంటే మిగతావాళ్లు లేచిపోతారన్నది నోబుల్ భయం. తోటి మిషనరీల్లో కొందరికే ఇది మింగుడుపడలేదు. నాకూ పడదు. అంత దీక్షగల మనిషి ఆ ఒక్క చోట వెనక్కి తగ్గడం ఆ కాలేజీ మొదటి ఏళ్ల మీద పడ్డ నీడ.

1852 వానాకాలంలో మిషన్ ఎదురుచూసిన వార్త వచ్చింది. ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు ఇల్లు వదిలి నోబుల్ దగ్గరికి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. బందరు అట్టుడికిపోయింది. బంధువులు ఆ ఇంటిమీదికి వచ్చారు, వ్యవహారం అధికారుల దాకా వెళ్లింది. బడి ఖాళీ అయింది. లండన్‌కు వెళ్లిన ఉత్తరాల్లో ఇది విజయం. బందరు వీధుల్లో ఇది నమ్మకద్రోహం. ఒకే సంఘటనకు ఇంత దూరమైన రెండు అర్థాలున్న ఏడు ఆ కాలేజీ చరిత్రలో మళ్లీ రాలేదు. ఆ యువకులిద్దరూ తర్వాత గురువులుగా అభిషేకం పొందారు. కన్నవాళ్లను వదులుకున్న ఆ ఇద్దరి బాధ గానీ, కొడుకుల్ని పోగొట్టుకున్నామని ఏడ్చిన తల్లుల బాధ గానీ ఏ నివేదికలోనూ ఇమిడేది కాదు. కొన్నాళ్లకు పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు. ఇంగ్లీషు మీది అవసరం కోపాన్ని గెలిచింది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లాలి. 1859లో బెజవాడకు ఎగువన రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల నాయకుడు తనవాళ్లతో కలిసి డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. వెంకయ్యకు ఇంగ్లీషు రాదు, నోబుల్ బడి మెట్లెక్కినవాడు కాడు. తన ఊరి దేవతలతో విసిగి, నిజమైన దేవుడెవరో చూపమని తనంతట తానే వెతుక్కుంటూ వచ్చినవాడు. పై నుంచి కిందికి దిగుతుందని నోబుల్ అనుకున్న విశ్వాసం కింది నుంచి పైకి వచ్చింది. కృష్ణా మండలంలో సంఘం పెరిగింది కూడా మాలపల్లెల్లోనే. బందరు బడి ఏళ్ల తరబడి చేసిన పనిలో చేతి వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమందే మతం మారితే, రాఘవాపురం వైపు ఊళ్లకు ఊళ్లే కదిలాయి.

1864 నవంబరు 1 రాత్రి మనుషుల ఎంపికలన్నిటినీ సముద్రం తుడిచేసింది. బందరు ఉప్పెన అంటే మా వైపు ఇప్పటికీ ఆ పేరు చెబితే చాలు. గాలివాన వెనక కెరటం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. చనిపోయినవాళ్లు సుమారు 30 వేలమంది అంటారు. మిషన్ బాలికల బోర్డింగు బడిలోని పిల్లలు ఎందరో నీటిపాలయ్యారు. శవాలు, ఉప్పునీటి చెరువులు, తర్వాత రోగాలు. ఆ ఏడు బతికి బయటపడటమే వార్త. మరుసటి ఏడు, 1865 అక్టోబరులో నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు, వచ్చిన ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. ఆయన పేరే కాలేజీకి నిలిచింది. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం కింద కళాశాల తరగతులు నడిచాయి, పాసైనవాళ్ల సంఖ్యలతో నివేదికలు క్రమంగా మనకు తెలిసిన రూపానికి వచ్చాయి.

అసలు నాకు ఆగి చూడాలనిపించేది 1890ల దశకం. రఘుపతి వెంకటరత్నం నాయుడు అప్పుడు అక్కడ ఇంగ్లీషు పాఠం చెప్పారు. పుట్టింది బందరులోనే, 1862లో. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. నమ్మింది బ్రహ్మసమాజాన్ని. అంటే క్రైస్తవ కళాశాలలో, ఎక్కువమంది హిందువులైన విద్యార్థులకు, ఒక బ్రహ్మసమాజికుడు గురువు. భోగం మేళాలను నిరసించి, తెల్లని బట్టల్లో నిలువెత్తు నియమంగా కనిపించే ఆ మనిషి తరగతిలో నీతిని విడిగా బోధించనక్కర్లేదు, ఆయన నడకే బోధ. ఆయన దగ్గర మెలిగిన పిల్లల్లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ఉన్నారు. నాయుడుగారు తర్వాత సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి, అక్కణ్నుంచి కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు వెళ్లారు. కాకినాడలో అనాథ పిల్లల్ని పెంచారు, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. కాకినాడ పేరు ముందు ఆయన బందరు రోజులు మరుగున పడ్డాయి. అది అన్యాయమే అంటాను.

ఎందుకంటే ఆ ముగ్గురు స్నేహితులూ ఏం చేశారో చూడండి. కృష్ణారావు 1907 నుంచి 'కృష్ణాపత్రిక' సంపాదకుడిగా బందరు నుంచే ఆంధ్రదేశమంతటికీ మాట్లాడారు. అదే ఏడు బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రలో ఉపన్యసిస్తూ తిరిగినప్పుడు ఆయన వెంట ఉన్నారు. 1910లో ముగ్గురూ కలిసి బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. సర్కారు గ్రాంటు లేకుండా చేతిపని, చిత్రలేఖనంతో కూడిన చదువు. హనుమంతరావు తన వకీలు జీవితం పక్కన పెట్టి 1922లో చనిపోయేదాకా దానికే అంకితమయ్యారు. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య అక్కడ పనిచేశారు, అడివి బాపిరాజు అక్కడ ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చారు. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకును ఇదే ఊళ్లో స్థాపించారు. తెల్లదొరల ప్రభుత్వానికి ఉద్యోగులను తయారుచేసే బడి అనుకున్న చోట చదివినవాళ్లు ఆ చదువుకే బదులుగా ఇంకో కాలేజీ కట్టారు. 1890ల ఏ నివేదికా దీన్ని ముందుగా చెప్పలేకపోయేది. ఆ ఏళ్లలో వాళ్లు హాజరుపట్టీలో మూడు పేర్లు, అంతే.

గుంటూరు వైపు కథ కొంచెం వేరు. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885లో మొదలైంది. అక్కడి క్లాసుల్లోనే ఎన్.టి. రామారావు, జగ్గయ్య కూర్చున్నారు. 'కరుణశ్రీ' జంధ్యాల పాపయ్య శాస్త్రి అక్కడ తెలుగు చెప్పారు. బుద్ధుడి మీద కావ్యం రాసిన బ్రాహ్మణ కవికి క్రైస్తవ కళాశాల ఇల్లైంది. నాయుడుగారి సంగతే మళ్లీ గుర్తొస్తుంది నాకు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, మిషన్ కాలేజీల పగ్గాలు మన చేతికొచ్చాయి. 1976లో నాగార్జున, 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం. సర్టిఫికెట్ల మీద ముద్రలు మారుతూ వచ్చాయి. ఇంజనీరింగు కాలేజీలు పిల్లల్ని లాక్కున్నాక ఇలాంటి పాత డిగ్రీ కాలేజీలకు చేరేది ఎక్కువగా పల్లెల పిల్లలు, ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు. దాన్ని కొందరు దిగజారుడు అంటారు. నోబుల్ 1843లో వద్దనుకున్న పిల్లల మనవలే ఇప్పుడు ఆ బెంచీల మీద కూర్చుంటుంటే దిగజారుడు అనే మాట నాకు నోటరాదు.

ఈసారి వార్షికోత్సవం సాయంత్రం ఏ క్రైస్తవ కళాశాల ప్రిన్సిపాల్ అయినా మైకు ముందుకు వచ్చినప్పుడు, ర్యాంకుల కంటే ముందు ఒక సంఖ్య చదివితే బాగుండునని నా కోరిక: తమ ఇంట్లో అందరికంటే మొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు ఈ ఏడు ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది మూడేళ్లూ నిలిచారు.