జెట్టి - సాము: కల్యాణపు కొలువులో మల్లశిక్షణము

తెలుగున జెట్టి యనగా మల్లుడు. జగజెట్టి యనునది బిరుదువలె నేటికిని వినబడుచున్నది. సాము అనగా దేహపరిశ్రమ. నిఘంటువులలో దూరదూరముగా నున్న యీ రెండు పదములును ఒకే శిక్షణశాలయందు మెలగినవని నా యభిప్రాయము. ఆ శాల స్వరూపమును తెలుపు గ్రంథము మానసోల్లాసము.

ఇది పశ్చిమ చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుని (1126-1138) కృతి. అభిలషితార్థచింతామణి యని నామాంతరము. రచనాకాలము సుమారు 1129. గాయక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో 1925, 1939, 1961 సంవత్సరములందు మూడు సంపుటములుగా వెలువడినది. అతని రాజధాని యగు కల్యాణము నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. రుద్రదేవుని స్వాతంత్ర్యమును చాటు 1163 నాటి హనుమకొండ శాసనమునకు పూర్వము కాకతీయు లా చాళుక్యులకు సామంతులు. కావున ఆ కొలువులోని పలుకుబడి తెలంగాణమునకు పరాయిది కాదు.

ఇందలి మల్లవినోద ప్రకరణమును కేవలము కుస్తీవర్ణనమని చదువుట పొరపాటు. రాజు కూర్చుండి చూచు వినోదము కడపటి ఘట్టము మాత్రమే. దాని వెనుక చిరకాలము సాగిన పోషణమును, పరీక్షయు, నిర్బంధమును కలవు. బలమును బట్టి మల్లులు జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోవలులు అని మూడు తరగతులు. వయస్సును బట్టి మరల విభాగము కలదు: ఇరువదియేండ్ల వరకు భవిష్ణువు, ముప్పది వరకు ప్రరూఢుడు. భవిష్ణువనగా కానున్నవాడు. శిష్యునకు ఇంతకంటె చక్కని పేరు దొరకునా? ముప్పది దాటిన పిదప మెట్టు ఈ వరుసలో లేదు.

పోషణభారము రాజుది. పప్పుదినుసులు, మాంసము, పాలు, చక్కెర, మధురభక్ష్యములు సమకూర్పవలెను. స్త్రీల చెంతకు మాత్రము పోనీయరాదు. తినుటకు కొరతలేదు, ఇచ్ఛకు తావులేదు. ఆ యువకుని దేహము కొట్టారములోని ఏనుగువలె రాజు సొత్తు. గ్రంథకర్తయే రాజగుటచే ఈ సంగతి ఆయనకు వింతగా తోపలేదు.

అభ్యాసముల పేర్లు మనకు మిక్కిలి ముఖ్యములు. ఇసుకసంచి మోయుట భారశ్రమ, నడక భ్రమణశ్రమ, నీట చేయునది సలిలశ్రమ, భుజబలమునకై చేయునది బాహుపెల్లణకశ్రమ, కంబమెక్కుట స్తంభశ్రమ. శ్రమ యనుమాట ఇచట అలసట కాదు. నియతమైన అభ్యాసమునకు పారిభాషికము. తెలుగు సాము ఈ శ్రమకు వికృతియని గ్రహించినచో, ఆ యర్థము ఎచటనుండి వచ్చెనో తేటపడును. కర్రసాము, కత్తిసాము అనుటలో అలసట లేదు, అభ్యాసమే కలదు. పదునారవ శతాబ్దిలో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్, కృష్ణదేవరాయలు ప్రొద్దుపొడువకమున్నే నువ్వులనూనె త్రాగి, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తిసాము చేసి, పిమ్మట ఒక మల్లునితో పెనగెడివాడని వ్రాసినాడు. భారశ్రమ అప్పటికి రాజుమేనికే ఎక్కినది.

ఇక జెట్టి. జ్యేష్ఠశబ్దము ప్రాకృతమున జెట్ఠ యగును. దానినుండి జెట్టి యేర్పడుట సులభము. ఒక యాక్షేపము కలదు. ఘూర్జరదేశమున మొఢేరాకు చెందిన జ్యేష్ఠిమల్లులను గూర్చిన మల్లపురాణము 1964లో సాండేసరా, మెహతా పండితుల పరిష్కరణమున అచ్చైనది. మైసూరు దసరాలో వజ్రముష్టి పోరాడు జెట్టులు నున్నారు. కావున జెట్టి కులనామమే కాని పదవి కాదందురు. కాని మానసోల్లాసమున జ్యేష్ఠికత్వము పుట్టుకచే వచ్చునది కాదు, బలముచే నిర్ణయింపబడు తరగతి. సాధించుకొన్న పేరు తరువాత వంశమున కంటుకొన్నదని తలచుటయే నాకు యుక్తముగా తోచుచున్నది.

మూడు తరగతులలో పైదానిపేరే తెలుగువారి నోట నిలిచినది. గోవలుడు రాలేదు, భవిష్ణువును రాలేదు. గెలిచినవానికి జగజెట్టి యని బిరుదిచ్చిన భాష, నేర్చుకొనుచున్నవాని పేరును జారవిడిచినది. అతడు చేరు చోటునకు గరిడి యను మాట యుండగా, పిమ్మట తాలింఖానా యనునదియు వచ్చి చేరెను. అందలి తాలీము అరబ్బీపదము; దాని కర్థము బోధనము.