భూకేంద్ర సిద్ధాంతం పుట్టుపూర్వోత్తరాలు

భూమి విశ్వానికి నడిమధ్యన కదలకుండా ఉందనీ, సూర్యచంద్రులూ గ్రహాలూ నక్షత్రాలూ దాని చుట్టూ తిరుగుతున్నాయనీ చెప్పేది భూకేంద్ర సిద్ధాంతం. కంటికి కనిపించే ఈ దృశ్యానికి తర్కమూ జ్యామితీ జోడించి శాస్త్రంగా మలిచినవారు ప్రాచీన గ్రీకులు.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో మిలేటస్ నగరానికి చెందిన థేలీస్, భూమి నీటి మీద తేలుతోందన్నాడు. అదే ఊరివాడైన అనాక్సిమాండర్ ఆ ఆధారాన్ని కూడా తీసేశాడు. ఆయన లెక్కలో భూమి ఒక స్తంభపు ముక్క. దాని మందం వెడల్పులో మూడో వంతు. అది సరిగ్గా నడుమ ఉంది కాబట్టి ఏ పక్కకూ ఒరగాల్సిన కారణం లేదు. అందుకే దేని మీదా ఆనకుండా నిలిచింది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, ప్లేటో నాటికి, భూమి గోళమన్న భావన స్థిరపడింది.

చిక్కంతా గ్రహాలతోనే వచ్చింది. కుజుడు నెలల తరబడి నక్షత్రాల మధ్య తూర్పుకు జరుగుతాడు. తర్వాత వేగం తగ్గి, ఆగి, రెండు నెలలకు పైగా పడమటికి వెనక్కి నడిచి, మళ్లీ తూర్పుదారి పడతాడు. సుమారు 26 నెలలకోసారి ఇది జరుగుతుంది. పంచాంగాల్లో వక్రగతి అనేది దీన్నే. ఆకాశంలోని కదలికలన్నీ ఒకే వేగంతో, వృత్తాకారంగా ఉండాలని గ్రీకుల నిశ్చయం. దానికి లోబడి ఈ వక్రగతిని వివరించడానికి ప్లేటో సమకాలికుడు యుడోక్సస్, భూమి చుట్టూ ఒకదానిలో ఒకటిగా తిరిగే 27 గోళాలను ఊహించాడు. అరిస్టాటిల్ వాటిని 55కు పెంచాడు.

భూమి గోళమనడానికి అరిస్టాటిల్ చూపిన రుజువులు నేటికీ చెల్లుతాయి: చంద్రగ్రహణంలో పడే నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుంది, ఈజిప్టులో కనబడే కొన్ని నక్షత్రాలు ఉత్తర దేశాల్లో కనబడవు. భూమి కదలదనడానికి కూడా ఆయనకు కారణాలున్నాయి. బరువైనవన్నీ విశ్వకేంద్రం వైపే పడతాయి. నిట్టనిలువుగా విసిరిన రాయి విసిరిన చోటే పడుతుంది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో సామోస్ ద్వీపవాసి అరిస్టార్కస్ సూర్యుణ్ని కేంద్రంలో నిలిపి, భూమినే తిప్పాడు. అదే నిజమైతే ఏడాది పొడుగునా నక్షత్రాల స్థానాల్లో కాస్తయినా తేడా కనబడాలి. ఏమీ కనబడలేదు. నక్షత్రాలు ఊహకందనంత దూరాన ఉన్నాయని సమాధానం చెప్పుకోవచ్చు గానీ, దాన్ని ఒప్పుకున్నవారు తక్కువ.

యుడోక్సస్ గోళాలకూ ఒక లోపముంది. వాటిలో గ్రహం భూమికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. మరి వక్రించినప్పుడు కుజుడు అంత కాంతిమంతంగా ఎందుకు కనబడతాడు? భూమి చుట్టూ పెద్ద వృత్తం, దాని మీద తిరిగే చిన్న వృత్తం, ఆ చిన్న వృత్తం మీద గ్రహం: ఈ అమరికతో జవాబు దొరికింది. గ్రహం చిన్న వృత్తపు లోపలి అంచుకు వచ్చినప్పుడు భూమికి దగ్గరవుతుంది, వెనక్కి నడిచినట్టూ కనబడుతుంది. పెర్గా నివాసి అపొలోనియస్ ఈ జ్యామితిని పరిశీలించాడు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో హిప్పార్కస్, ఋతువుల నిడివి సమానంగా లేకపోవడాన్ని సూర్యుడి వృత్తకేంద్రాన్ని భూమి నుంచి కొంచెం పక్కకు జరిపి వివరించాడు.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ వీటన్నిటినీ 13 భాగాల ‘అల్మాజెస్ట్’ గ్రంథంలో క్రోడీకరించాడు. గ్రహవేగం కేంద్రం నుంచి కాక మరో బిందువు నుంచి చూస్తేనే సమంగా ఉంటుందని ప్రతిపాదించి, సమవేగ నియమాన్ని తానే సడలించాడు. బదులుగా, గ్రహస్థానాలను ముందే చెప్పగల లెక్క చేతికొచ్చింది. అరబ్బులూ యూరోపియన్లూ సుమారు 1400 ఏళ్లు దాన్నే ఆధారం చేసుకున్నారు.

1543లో కోపర్నికస్ గ్రంథం సూర్యుణ్ని మళ్లీ కేంద్రానికి తెచ్చింది. 1609లో కెప్లర్ వృత్తాల స్థానంలో దీర్ఘవృత్తాన్ని పెట్టాడు. మరుసటి ఏడాది గెలీలియో దూరదర్శినిలో కనబడిన శుక్రకళలు టాలెమీ అమరికకు పొసగలేదు. అరిస్టార్కస్‌కు ఎదురైన అభ్యంతరం మాత్రం 1838 దాకా నిలిచింది. ఆ ఏడు జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ ఒక నక్షత్రం స్థానంలో ఏటా వచ్చే ఆ స్వల్ప మార్పును కొలిచాడు.