మెట్టు నొక్కిన వేగము

వైణికుడు తంత్రిని మెల్లగా మీటిన నాదము మెల్లగా పలుకును. గట్టిగా మీటిన బిగ్గరగా పలుకును. మెట్ల వాద్యములకు ఈ గుణము సులభముగా అబ్బలేదు. ఐరోపాలో ప్రచారము నందిన హార్ప్సికార్డులో మెట్టు నొక్కగనే చిన్న ములుకు తంత్రిని మీటును. ఎంత బలముగా నొక్కినను ధ్వని ఇంచుమించు ఒకే తీరు. క్లావికార్డు వ్రేలి నొక్కుడునకు లొంగినను, దాని ధ్వని మిక్కిలి సన్నము, సభకు చాలదు. మన హార్మోనియములోను హెచ్చుతగ్గులు తిత్తిని బట్టియే గాని వ్రేలిని బట్టి కావు.

ఈ కొరత తీర్చినవాడు ఇటలీ దేశీయుడగు బార్తొలొమియో క్రిస్తోఫోరి. ఫ్లారెన్సులో మెడిచీ ప్రభువుల కొలువున నుండిన ఈ శిల్పి, మీటుటకు మారుగా తంత్రిని సుత్తితో కొట్టించెను. 1700 నాటి కొలువు వస్తువుల పట్టికలోనే ఈ వాద్యము కానవచ్చుచున్నది. పియానో పుట్టుక ఇదియే. సుత్తి వడిగా తగిలినకొలది నాదము పెద్దదగుటయే గాక, దాని పోకడయు మారును.

విద్యుద్వాద్యములలో ఈ సంపద కొంతకాలము మరుగుపడెను. 1935లో వెలువడిన హామండ్ ఆర్గనులో మెట్టు ఒక స్విచ్చి మాత్రమే. హెచ్చుతగ్గులకు పాదముతో త్రొక్కు మీట వేరుగా నుండెను. తొలినాటి సింథసైజర్లలో పెక్కింటి గతియు నింతే.

తరుణోపాయము బలమును గాక కాలమును కొలుచుటలో దొరకెను. మెట్టు క్రింద రెండు స్పర్శస్థానము లుండును. మెట్టు దిగునపుడు ఒకటి ముందు, రెండవది పిదప తగులును. ఆ నడిమి వ్యవధి ఎంత తక్కువయో వేగ మంత ఎక్కువ. 1983 నాటి ‘మిడి’ ఒడంబడిక ఈ వేగమునకు 1 మొదలు 127 వరకు అంకెల నేర్పరచెను. వేర్వేరు సంస్థల వాద్యములు దీనిచే ఒకదాని నుడి ఒకటి గ్రహింప గలిగెను. 2020లో వచ్చిన రెండవ ‘మిడి’ ఈ అంతరములను 65,536కు పెంచెను.

ఈ అంకె చేయు పని ధ్వనిని పెంచుట యొక్కటియే కాదు. 1983లోనే వచ్చిన యమహా డి.ఎక్స్.7లో పియానో స్వరము మెల్లగా నొక్కిన మెత్తగాను, వడిగా నొక్కిన లోహపు కరకుతోను పలుకును. మరికొన్ని వాద్యములలో ఒకే స్వరమును మెల్లగా, మధ్యమముగా, గట్టిగా వాయించి వేరువేరుగా ముద్రించి యుంచుదురు. ఏది వినిపింపవలెనో ఈ అంకె నిర్ణయించును.

చౌక వాద్యములు కొన్నింటిలో నేటికిని ఈ ఏర్పాటు లేదు. వానిపై సాధన చేయు బాలుని వ్రేలికి మెత్తన, గట్టి యను భేదమే తెలియకపోవును. కొనువారు ఒకే మెట్టును ఒకమారు మెల్లగా, ఒకమారు వడిగా నొక్కి విని మరీ కొనుట మేలు.