పొత్తులో చేరే ముందే బయటికి దారి

నలుగురు కలిసి డబ్బు వేసుకుని భవనం కొని అద్దెకిద్దామనుకుంటే ముందుగా వచ్చే ప్రశ్న, పక్కవాడు నమ్మదగినవాడేనా అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, పొత్తులోంచి బయటపడేదెలా అన్నది. రోమన్ చట్టంలో ఒక భాగస్వామి కన్నుమూస్తే పొత్తే రద్దయ్యేది. తరాలపాటు నిలిచే కట్టడానికి ఆ పద్ధతి చాలదు. 14వ శతాబ్దంలో ఫ్రాన్సులోని తులూజ్‌లో బజాకల్ నీటిమరల వాటాదారులు ఈ చిక్కు విప్పారు. వాటా చేతులు మారేది, మర ఆగేది కాదు. ఆ సంస్థ 20వ శతాబ్దం దాకా నడిచింది.

ఇక న్యూయార్క్. 1931 మే 1న ప్రారంభమైన ఎంపైర్ స్టేట్ భవనం, ఆర్థిక మాంద్యంలో అద్దెకు దిగేవారు లేక ఏళ్ల తరబడి వెలవెలబోయింది. 1961లో లాయరు లారెన్స్ వీన్ దాన్ని సామాన్య మదుపరుల ముంగిటికి తెచ్చిన తీరు అద్భుతం. వాటా 10,000 డాలర్లు, మొత్తం 3,300 వాటాలు, వెరసి 3.3 కోట్ల డాలర్లు. భవనం హక్కు ప్రుడెన్షియల్ బీమా సంస్థది. వాటాదారుల బృందం దాని దగ్గర దీర్ఘకాలిక లీజు తీసుకుని, వీన్, స్థిరాస్తి వ్యాపారి హ్యారీ హెల్మ్‌స్లీల సంస్థకు తిరిగి లీజుకిచ్చింది. అద్దెలు వసూలు చేయడం, లిఫ్టులు బాగుచేయించడం ఆ సంస్థ పని. వాటాదారుడికి ఏటా దాదాపు 12 శాతం రాబడి, లాభం పెరిగితే అదనం. ఇంతమంది యజమానులైతే ఆస్తిని పట్టించుకునేదెవరని అడగవచ్చు. పెత్తనం ఒకరికి, రాబడి అందరికీ అని ముందే రాసుకోవడం వల్లే అది దశాబ్దాలు నిలిచింది.

అదే రాతలో మెలికా ఉంది. భవనాన్ని స్టాక్ మార్కెట్‌లో నమోదయ్యే ట్రస్టులో కలపాలని నిర్వాహకులు ప్రతిపాదించినప్పుడు, స్థిరమైన రాబడి పోతుందని కొందరు ఎదురుతిరిగారు. 80 శాతం వాటాలు ఒప్పుకున్నాక కూడా మెట్టు దిగనివారి 10,000 డాలర్ల వాటాను 100 డాలర్లకే కొనేయవచ్చని ఒప్పందంలో ఉండేది. కోర్టూ దాన్ని సమర్థించింది. 2013లో ట్రస్టు మార్కెట్‌కెక్కింది. నిర్వాహకులు మోసగించారని వాదించినవారున్నారు. నాకు మాత్రం అసలు అన్యాయం 1961 నాటి కాగితంలోనే కనిపిస్తుంది.

మన దగ్గర హైదరాబాద్ మాదాపూర్ ఆఫీసుల అద్దెల్లో ఇప్పుడు అలాంటి స్థిరాస్తి ట్రస్టు (రీట్) అయిన మైండ్‌స్పేస్ రీట్ యూనిట్లు కొని భాగం పొందవచ్చు, వద్దనుకుంటే మార్కెట్లో అమ్ముకోవచ్చు. 2024లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చిన్న రీట్లకూ నిబంధనలు తెచ్చింది. బంధువులు, స్నేహితులు కలిసి కొన్న అపార్ట్‌మెంట్‌కు ఆ మార్కెట్ లేదు. పంచడానికి వీలుకాని ఆస్తిని అమ్మించి సొమ్ము పంచే అధికారం 1893 నాటి విభజన చట్టం కోర్టుకిచ్చింది గానీ, అలా అమ్మించమని అడగడానికి కనీసం సగం వాటా ఉండాలి. పావు వాటా ఉన్నవాడికి ఆ చట్టం కింద ఒంటరిగా ఆ దారి లేదు.