ఆసనం ఒకటే, శరీరాలు వేరు



“యోగా చేయవచ్చా డాక్టరుగారూ?” ప్రభుత్వ సర్వీసులో ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదేననుకుంటాను. “మంచిదే, చేయండి” అన్నది నా జవాబు. ఆ జవాబులోని లోపాన్ని నాకు తెలియజేసినవారు ఒక ఉపాధ్యాయుడు. ఆయన నావద్ద రక్తపోటుకు మందులు వాడుతూ ఉండేవారు. ఒకనాడు తాను శీర్షాసనం నేర్చుకున్నానని సంతోషంగా చెప్పగా, భుజం తట్టి పంపించాను. కళ్ల సంగతి అడగలేదు. అప్పటికే ఆయన మరొక వైద్యుని వద్ద గ్లకోమాకు చుక్కల మందు వేసుకుంటున్నారు. ఏడాదిన్నర గడిచేసరికి ప్రక్కచూపు బాగా తగ్గిపోయింది. గ్లకోమా తనంతట తానే ముదరగలదు గనుక ఆసనమే కారణమని చెప్పలేను. అడగకపోవడం మాత్రం నిస్సందేహంగా నా తప్పే.

2006లో చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు యోగసాధకులను పరీక్షించి, శీర్షాసనంలో ఉన్నంతసేపూ కంటిలోని ఒత్తిడి సుమారు రెండింతలవుతుందని ప్రకటించారు. ఆ సాధకులలో కంటి ఒత్తిడి జబ్బు ఇతరులకంటె ఎక్కువగా ఉన్నట్లు వారికి కనబడలేదు. నాడి దెబ్బతిన్న కంటి మాట అది కాదు.

ఆ సంఘటన తరువాత నాలో ఒక సందేహం పుట్టింది. వందమంది వరుసగా నిలబడి, ఒకరి ఆజ్ఞపై ఒకే ఆసనం వేసే పద్ధతి ఎక్కడిది? చదువుతూ పోగా, మనం ఈనాడు చూస్తున్న ఆసనాభ్యాసంలో అధికభాగం మైసూరు రాజప్రాసాదం దాకా తీసుకువెళ్లింది.

తిరుమల కృష్ణమాచార్యులవారు 1888లో చిత్రదుర్గ ప్రాంతంలో జన్మించారు. దర్శన శాస్త్రాలలో పండితులు, ఆయుర్వేదం తెలిసినవారు. మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు ప్రోత్సాహంతో 1933లో జగన్మోహన ప్రాసాదంలో యోగశాల నడపసాగారు. అక్కడి శిష్యులలో ఎక్కువమంది రాజబంధువుల ఇళ్ల బాలురు. లేత కీళ్లు, ఉడుకు రక్తం. వారికి వేగంగా, ఒకదాని వెంట ఒకటిగా సాగే కఠినమైన ఆసనాలు నేర్పారు. ప్రజల ముందు ప్రదర్శనలూ ఇప్పించారు. ఆ వయసుకు అది తగిన శిక్షణే కావచ్చు. ఆ బాలుర వ్యాయామాన్ని అరవయ్యేళ్ల మోకాళ్ల మీద రుద్దడం మన కాలపు పొరపాటు.

బాలురకైనా అది అన్నివేళలా క్షేమంగా సాగలేదు. ఆచార్యులవారి బావమరిది బి.కె.ఎస్. అయ్యంగారు 1934లో మైసూరు చేరారు. బాల్యమంతా మలేరియా, టైఫాయిడు, క్షయలతో నలిగిన శరీరం ఆయనది. తగిన అభ్యాసం లేకుండానే ప్రదర్శనలో హనుమానాసనం వేయవలసి రాగా తొడ వెనుక కండరం చిరిగిందని, చాలాకాలం నడకకు ఇబ్బందిపడ్డానని ఆయనే తరువాత చెప్పుకున్నారు. 1937లో పుణె వెళ్లి బోధన ఆరంభించిన ఆయన క్రమంగా కంబళ్లు, చెక్క ఇటుకలు, త్రాళ్లు, కుర్చీలు తెచ్చి ఆసనానికి ఆసరా చేశారు. సర్వాంగాసనంలో భుజాల క్రింద కంబళ్ల దొంతర పెట్టడం చిన్న విషయంగా తోచవచ్చు. మెడ వంపు తగ్గి, మెడ ఎముకల మీద పడే బరువు భుజాల మీదికి మారుతుంది. మెడనొప్పి ఉన్నవారిని అడగండి, ఆ తేడా ఎంతో వారే చెబుతారు.

ఆచార్యులవారూ మారారు. 1950లో యోగశాల మూతబడింది. పక్షవాతం వచ్చిన ఒక ప్రముఖ న్యాయవాదికి చికిత్స చేయడానికై ఆయన మద్రాసు వచ్చి, అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు ఎదుట నిలిచినవారు బాలురు కారు, రోగులు. నాడి చూసి, దినచర్య అడిగి, ఒక్కొక్కరికి వేరుగా నేర్పేవారు. శ్వాసకు అనుగుణంగా కదలికను మార్చేవారు. వంగలేనివారిని మోకాళ్లు కాస్త వంచనిచ్చేవారు. 1960ల ఆరంభంలో ఒక విదేశీ మహిళ నిద్రలేమి తీరిందన్న సంతోషంలో, సంప్రదాయ వైష్ణవుడైన ఈ వృద్ధుని వీధిలోనే కౌగిలించుకుందట! ఆ దృశ్యం చూసిన కుమారుడు దేశికాచారి ఇంజనీరు ఉద్యోగం విడిచి తండ్రికి శిష్యుడయ్యాడు. 1976లో ఆయన స్థాపించిన కృష్ణమాచార్య యోగమందిరంలో ఒక గురువు, ఒక శిష్యుడు అన్న పద్ధతే ప్రధానమైంది. కాని లోకానికి ఎక్కువగా చేరింది మైసూరు పద్ధతి. కారణం ఊహించడం కష్టం కాదు. గుంపుకు నేర్పడం సులభం, చూడడానికి అందం.

ఇదంతా ఇరవయ్యో శతాబ్దపు కొత్త వివేకమని భావించకండి. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయం చూడండి. బలవంతుడైనా చలికాలంలోనూ వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ చేయాలని, ఆపై దేహమంతటినీ సుఖంగా మర్దించుకోవాలని అక్కడ ఉంది. వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం ఉన్నవారు వ్యాయామానికి దూరంగా ఉండాలని కూడా ఉంది. నూనె మర్దన సైతం అందరికీ కాదు. కఫరోగికి, అజీర్ణ రోగికి నిషిద్ధం. వృద్ధులు వ్యాయామం పూర్తిగా మానాలన్న మాటను నేటి వైద్యుడిగా నేను అంగీకరించను. సగం శక్తి అన్న కొలతకు మాత్రం నమస్కరిస్తాను. మర్దన విషయంలో నేనొకటి చేరుస్తాను. శస్త్రచికిత్స తరువాతనో, సుదీర్ఘ ప్రయాణం తరువాతనో ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి చేస్తే దానిని పిసికించకండి. లోపలి సిరలో రక్తపు గడ్డ ఉంటే అది కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ముందుగా డాప్లర్ పరీక్ష చేయించుకోండి.

తేలికపాటి ఆసనమైతే భయం లేదనుకోవడమూ సరికాదు. 1971లో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో ఒక వైద్యుడు ఒక విద్యార్థి గురించి వ్రాశాడు. వజ్రాసనంలో గంటల తరబడి కూర్చుని జపం చేసేవాడు. మోకాలి క్రింద వెలుపలి ప్రక్కనున్న నాడి నలిగి నడవడం, మెట్లెక్కడం కష్టమైంది. ఆ కూర్చోవడం మానగానే త్వరగా కోలుకున్నాడు. భోజనానంతరం అయిదు నిమిషాలు కూర్చుంటే ఏ హానీ లేని ఆసనమే అది!

ఆ ఉపాధ్యాయుడు ఇప్పటికీ నా వద్దకు వస్తూంటారు. తలక్రిందుల ఆసనాలన్నీ మానిపించాను. ఉదయం కుర్చీలో కూర్చుని చేతులు పైకెత్తే కదలికలు, నిదానమైన శ్వాస, వెల్లకిల పడుకుని శవాసనం చేస్తారు. శిబిరానికి వెళ్లడం మానలేదు. అక్కడి గురువు ఆయన్ను చివరి వరుసలో, గోడ ప్రక్కన కూర్చోబెడుతున్నారు. గ్లకోమా గురించి ఆ గురువుకు ఒక చీటీ వ్రాసి ఇచ్చాను. మీరు ఏ శిబిరంలో చేరబోతున్నా, మీ జబ్బులు, వాడే మందులు వ్రాసిన అటువంటి చీటీ ఒకటి మీ వైద్యుని వద్ద అడిగి తీసుకువెళ్లండి.